బాంబు పడ్డ చర్చి బొమ్మ

"కదలకుండా నిలబడు తాతా, బొమ్మలో నువ్వూ పడతావు!" అంది డోర్కస్. ఊళ్ళో పోస్టాఫీసు నడిపేది ఆవిడే.

సమాధులు తవ్వే ఎబెన్ తాత టోపీ తీసి, కప్పు లేని చర్చి గోడకి ఆనుకుని ఏడుపు మొహం పెట్టాడు.

ఎదురుగా మడత కుర్చీలో లండన్ చిత్రకారుడు లాసెల్స్ నీళ్ళ రంగులు కలుపుతున్నాడు. జర్మన్ బాంబులకి దెబ్బతిన్న చర్చిల బొమ్మలు వేసుకురమ్మని సర్కారు పంపింది. వాటిని లండన్‌లో ప్రదర్శనకి పెడతారట.

ఆ మాట విన్నప్పటి నుంచీ డోర్కస్‌కి కాలు నిలవడం లేదు. ఎప్పుడు చూసినా పక్క ఊరు థెల్బరీదే పైచేయి. గులాబీల పోటీలో కప్పు వాళ్ళకే. బస్సు ఆగేదీ అక్కడే. ఈ ఒక్కసారైనా మన చర్చి లండన్ గోడెక్కాలి, వాళ్ళ కడుపు మండాలి!

"ఊరి పేరు పలకలన్నీ పీకేశారు. దారి తెలియక చచ్చాననుకో అమ్మా," అన్నాడు లాసెల్స్.

"జర్మన్లు దిగితే వాళ్ళకీ తెలియకూడదు కదండీ! పరాయివాళ్ళకి ఊరి పేరు చెప్పొద్దని మాకు గట్టి ఆర్డరు. టీ తాగండి."

"కూలిన రాళ్ళేవీ కనపడవే?"

"జనం కోళ్ళగూళ్ళకి పట్టుకుపోయారు. మావాళ్ళ సంగతి మీకు తెలీదు బాబుగారూ!"

"పాపం, చప్పుడు ఘోరంగా వచ్చి ఉంటుంది."

తాత కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ దెబ్బకి మా ఆవిడ చెవుడు వదిలిపోయింది బాబూ!"

డోర్కస్ తాత కాలు తొక్కింది. "అతి చెయ్యకు ముసలోడా," అని గొణిగింది.

లాసెల్స్ లేచి గోడ దగ్గరికొచ్చాడు. వేలితో రుద్ది చూశాడు. "ఎక్కడా మసి లేదేం?"

డోర్కస్ చప్పున గోడకి అడ్డం వచ్చింది. అంతా బూడిదలో పోసిన పన్నీరేనా?

"వాన... వాన కడిగేసిందండీ."

లాసెల్స్ ఆకాశంకేసి చూసి నిట్టూర్చాడు. "నిజమే. ఈ దేశంలో వానకేం కరువు!"

బొమ్మ ఆరింది. కింద తేదీ వేసి, సంతకం పెట్టి, నాలుగింటి రైలెక్కాడు. కిటికీలోంచి టోపీ ఎత్తి, "మీ త్యాగాన్ని దేశం మరిచిపోదు!" అన్నాడు.

రైలు మలుపు తిరిగేదాకా ఇద్దరూ బుద్ధిగా చేతులూపారు. తర్వాత ప్లాట్‌ఫారం మీదే పగలబడి నవ్వారు.

బాంబు పడింది థెల్బరీ చర్చి మీద. దీన్ని నాలుగు వందల ఏళ్ళ కిందటే కూలగొట్టి పోయింది పోపుతో తగవుపడ్డ ఇంగ్లండు రాజుగారి మనుషులు.