ఇంటి మనిషి

"కమీషనా? సొంత బావ దగ్గరా? సిగ్గుండాలిరా!"

ఇల్లు అమ్మకానికి పెట్టిన బావ, బేరం కుదిర్చిన బావమరిది మీద గొంతు తగ్గించి మరీ విరుచుకుపడ్డాడు. కొనబోయే ఆయన లోపల వంటిల్లు చూస్తున్నాడు మరి.

"రెండు శాతమని సంతకం పెట్టావు కదా బావా!"

"ఇంటి మనిషివి, నీకు కాగితాలేంట్రా? పైవాడివా?"

"నిజమే, నాదే తప్పు." బావమరిది ఆ ఒప్పందాన్ని నిలువునా చింపి బల్ల మీద పెట్టాడు.

ఇంత తేలిగ్గా దారికొచ్చాడా! బావ మనసులోనే భుజాలు చరుచుకున్నాడు.

అంతలో కొనబోయే ఆయన బయటికొచ్చాడు. "ఏజెంటు గారూ, వంటింటి గోడకి కొత్తగా రంగేసినట్టున్నారు. చెమ్మేమైనా ఉందా?"

"నేను ఏజెంటుని కాదండీ, ఇంటి మనిషిని," అన్నాడు బావమరిది మహా వినయంగా. "పోయిన వానాకాలం ఆ గోడ పక్కనే కూర్చుని భోంచేశాను కూడా. ఆ రోజు నా కంచంలోకి..."

ఆ వానాకాలం బావకీ బాగానే గుర్తుంది. రెండు శాతం ఎందుకిస్తారో మాత్రం ఇప్పుడే తెలిసింది. చిరిగిన ముక్కలు రెండూ గబగబా దగ్గరికి చేర్చి పట్టుకున్నాడు.

"పట్టించుకోకండి సార్! మా ఏజెంటు గారికి హాస్యం కాస్త ఎక్కువ."

పెళ్ళయిన పదిహేనేళ్ళలో బావమరిదిని 'గారు' అనడం అతనికి అదే మొదటిసారి.