తాళం వేసిన ఒకే ఒక్క ఇల్లు

దొంగతనానికి ఇంతకంటే మంచి రోజులు రావనుకొని బయల్దేరిన పెంచలయ్యకు ఆత్మకూరును చూస్తే ఏడుపొచ్చింది.

మామూలుగా బస్టాండు సెంటర్లో మనిషిని మనిషి తోసుకుంటూ నడవాలి. లాక్‌డౌన్ పుణ్యమా అని ఇప్పుడక్కడ కుక్కలు నడిరోడ్డు మీద కాళ్లు చాపుకొని పడుకున్నాయి. కొట్టేద్దామంటే ఒక్క జేబు లేదు. పోనీ ఇళ్లలో దూరుదామా అంటే, ఊరి జనమంతా ఇళ్లలోనే ఉన్నారు. పేకాడేవాళ్లు, పడుకున్నవాళ్లు, ఊరికే కిటికీలోంచి ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చున్నవాళ్లు. పేరుకే లాక్‌డౌన్ గానీ ఒక్క ఇంటికీ తాళం కనబడలేదు.

ఇంట్లో చూస్తే బియ్యం నిండుకున్నాయి. కట్టె గరిటెలు చెక్కే భార్య వెంగమ్మకు గిరాకీ లేక పని ఆగిపోయింది. పోలీసులు ఆపితే మందుల షాపుకని చూపించడానికి ఖాళీ మందు సీసా ఒకటి సంచిలో వేసుకొని, పెంచలయ్య వీధులన్నీ తిరిగాడు. చివరికి బద్వేలు రోడ్డు వెనక, మూసేసిన గోడౌన్ల మధ్య ఒక మేడ కనబడింది. ముందు ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. తాళాన్ని చూసి అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చిటికెలో తాళం తీసి లోపలికి అడుగుపెట్టాడు. హాల్లో మొగుడూ పెళ్లాలు ఉప్మా తింటున్నారు. ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"అరవొద్దన్నా, నీకు పుణ్యముంటాది," అన్నాడు ఇంటాయన.

అది తను అనాల్సిన మాట కదా అని పెంచలయ్య తికమకపడ్డాడు.

"మేము చెన్నై నుంచి వచ్చినాము. ఎవురికైనా తెలిసిందంటే క్వారంటైనుకు తోలుకపోతారు. అందుకే గ్రిల్లులోంచి చెయ్యి బయటపెట్టి మేమే తాళం వేసుకోని, ఎవురూ లేనట్టు ఉండాము."

అప్పటికే ఆయన భార్య రేణుకాదేవి ఇంకో ప్లేటులో ఉప్మా పెట్టేసింది. పేరడిగి, "కూచోండి పెంచలయ్య గారూ, తినండి," అంది. పెంచలయ్యను గారూ అన్న మనిషి ఈ భూమ్మీద ఆమే మొదలు. స్టేషన్లో పిలిచే పిలుపులు వేరు.

తింటుండగానే ఒప్పందం కుదిరింది. వాళ్లకు బయటినుంచి సరుకులు తెచ్చిపెట్టాలి. అందుకు పెంచలయ్య ఇంటికి కావలసిన తిండి వాళ్లు చూసుకుంటారు. రేణుకాదేవి ఇంకో తాళంచెవి కూడా ఇచ్చింది. తాళాన్ని తాళంచెవితో తీసే యోగం అతనికి అప్పుడు పట్టింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఖాళీ బజారులో అతనొక్కడే నడిచేవాడు. నెల్లూరు రోడ్డులో రేణుకాదేవి తమ్ముడి కూరగాయల వ్యాను ఆగేది. బియ్యం, కూరగాయలు అక్కడ తీసుకునేవాడు. అతను వట్టి చేతులతో పోకుండా ఆమె కూడా ఏదో ఒకటి తమ్ముడికి పంపేది.

"మా చెల్లెలు కొత్త కాపురం పెడతా ఉండాది పెంచలయ్య గారూ. నేను కాకపోతే ఎవురిస్తారు దానికి?"

ఒకరోజు మిక్సీ, ఒకరోజు వెండి కంచాలు, ఒకరోజు దుప్పట్లో చుట్టిన టీవీ. చెల్లెలంటే ఎంత ప్రేమో అని పెంచలయ్య ముచ్చటపడేవాడు. ఆ వెండిలో చిన్న చెంచా అయినా జేబులో వేసుకోవాలని అతనికి తోచలేదు. తోచనందుకు తనమీద తనకే గౌరవం కలిగింది.

ఒకరోజు నెత్తిమీద పెద్ద ఇత్తడి గుండిగతో పోతుంటే కానిస్టేబుల్ సురేశ్‌బాబు లాఠీ అడ్డం పెట్టాడు. పెంచలయ్యను రెండుసార్లు లోపల వేసిన మనిషి ఆయనే.

"ఏందిరా అది?"

"అన్నదానం గుండిగ సార్."

సురేశ్‌బాబు అతణ్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వు మారినావంటే నమ్మమంటావా?"

"మారినాను సార్."

గుండిగ సంగతి అబద్ధమైనా ఈ మాట నిజం. సురేశ్‌బాబుకు మనసు కరిగినట్టుంది. కొత్త మాస్కు ఒకటి ఇచ్చి, దించిన గుండిగను మళ్లీ నెత్తికెత్తడానికి తనే ఒక చెయ్యి వేశాడు.

"ఇదంతా దొంగసొమ్ము కాదు గదా?" అని వెంగమ్మ అడిగింది ఆ మధ్యాహ్నం, బియ్యం కడుగుతూ.

"కష్టం చేసి తెచ్చినాను మే," అంటూ పెంచలయ్య ఏడ్చేశాడు. ఈ మంచి పేరు ఒక్కటి నిలబెట్టుకుంటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు.

ఆంక్షలు సడలించిన రోజు వెంగమ్మ రేణుకాదేవి కోసం పొడుగు కట్టె గరిటె ఒకటి చెక్కి ఇచ్చింది. అది పట్టుకొని పెంచలయ్య మేడ దగ్గరికి పోయాడు. గ్రిల్లు బార్లా తెరిచి ఉంది. పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ లోపలే మగ్గినవాళ్లు కదా, పాపం, బజారు చూడడానికి పరిగెత్తినట్టున్నారు. పోతే పోయారు, తాళం వెయ్యొద్దా? దొంగలు తిరిగే ఊళ్లో ఇంత అమాయకత్వమా అని అతనికి కోపం కూడా వచ్చింది.

ఇంటివాళ్లు లేనప్పుడు లోపలికి పోవడం పద్ధతి కాదు. అందుకని మెట్టు మీద కూర్చొని కాపలా కాశాడు. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు.

పొద్దు వాలుతుండగా కారొకటి ఆగింది. మాస్కు పెట్టుకున్న పెద్దమనిషి రెండు సూట్‌కేసులతో దిగి నేరుగా గ్రిల్లు వైపు వచ్చాడు. పెంచలయ్య లేచి గరిటె అడ్డం పెట్టాడు.

"ఎవురు సార్ మీరు? ఓనర్లు బజారుకు పొయినారు. వాళ్లు వచ్చిందాకా నేను ఎవుర్నీ లోపలికి పోనీను."

ఆ పెద్దమనిషి మాస్కు కిందికి లాగి, గరిటెనూ పెంచలయ్యనూ మార్చి మార్చి చూసి, "ఓనర్ని నేనేనయ్యా, లాక్‌డౌనుకు ముందురోజు తాళమేసి బెంగళూరు పొయినోణ్ణి ఇప్పుడే దిగుతా ఉండా," అన్నాడు.