చప్పటి నీళ్ళు

ఇప్పుడు మా కోనసీమలో పేటకో గ్యాసు బావి ఉంది. రాళ్ళు పగలగొట్టి గ్యాసు పైకి తీయడానికి కాలవ నీరంతా ఆ బావుల్లోకే పోతుంది. లోపల్నించి తిరిగొచ్చిన ఉప్పునీటిని శుభ్రం చేసి ఇళ్ళ కుళాయిలకు వదులుతాం. ఏ నీరు ఎటు పోవాలో నిర్ణయించే మహానుభావుణ్ణి నేనే. ఎంత శుభ్రం చేసినా కాస్త ఉప్పు మిగిలేది కనక, ఊళ్ళో అందరూ చారులో ఉప్పు వేయడమే మానేశారు.

ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, నిన్న ఆ ఉప్పు కూడా తీసేశాను. ఇవాళ మధ్యాహ్నం పొగడ్త కోసం చెవులు రిక్కించి భోజనానికి కూర్చున్నాను.

నా భార్య రత్నావళి ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది.

"చారు చప్పగా ఏడిసిందండీ. నీళ్ళు పాడైపోయినట్టున్నాయి."

"పాడవలేదే, బాగుపడ్డాయి! కాస్త ఉప్పేసుకో."

"ఉప్పా? మనం ఉప్పు కొని ఎన్నేళ్ళయిందండీ?"

ఇంతలో పక్కింటి పెద్దాయన వీర్రాజుగారు చెంబు పట్టుకొచ్చారు.

"ఇయ్యేం నీళ్ళండి బాబూ? మా ఇంట్లో ఎవరూ ముట్టుకోట్లేదండి."

"చిన్నప్పుడు కాలవలో మీరు తాగిన నీళ్ళు ఇలాగే ఉండేవి కదండీ?"

"అయ్యుండొచ్చండి. గుర్తులేదు."

ఆ చెంబు అందుకుని నేనూ ఒక గుక్క తాగాను. నిజం చెప్పొద్దూ, నాకూ సయించలేదు.

సాయంత్రం ప్లాంటుకు వెళ్ళి, తీసిన ఉప్పునే పారతో ట్యాంకులో కలిపించాను.

రాత్రి చారు అమృతంలా ఉందట. రత్నావళి నా ఉద్యోగాన్ని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.