ఎనిమిది గ్రాముల రంగు

"దీని పొట్టకి రంగు ఎవరు వెయ్యమన్నారు?" వాచీలు రిపేరు చేసే భర్త, కాటా మీదున్న, రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ విమానాన్ని చూపిస్తూ భార్య మీద విరుచుకుపడ్డాడు. "నెల రోజులుగా ఒక్కో గ్రామూ తగ్గించుకుంటూ వచ్చాను. ఒక్క పూటలో ఎనిమిది పెంచేశావ్. ఇక ఇది గాల్లో పల్టీలు కొట్టినట్టే!"

"వీపు తెల్లగా, పొట్ట లేత పసుపుగా ఉంటే, పైకెగిరాక ఎటు తిరిగిందో మీకు తెలుస్తుందని..."

"నాకు తెలీకేం?"

"పాతది తలకిందులుగా ఎగురుతుంటే మామూలుగానే ఉందనుకున్నారు. పైకి లేపబోయి నేలకేసి కొట్టారు."

"అది గాలి పని! ఆవగింజంత స్క్రూలు బిగించే కళ్ళివి. వీటికే వంక పెడతావా?" అంటూ గరుకు కాగితం తీసి పసుపు గీకబోయాడు.

ఆమె విమానాన్ని లాక్కుని, వీధి చివరిదాకా నడిచి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"మీవైపున్నది వీపా, పొట్టా?"

"వీపే! తెల్లగా కనిపిస్తూనే ఉందిగా!" గుమ్మంలోంచి అరిచాడు.

ఆమె విమానాన్ని తిప్పకుండా, అలాగే పట్టుకుని వెనక్కి నడిచొచ్చింది. సగం దూరం వచ్చేసరికి తెలుపు కాస్తా పసుపైంది.

అతను గరుకు కాగితాన్ని మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"ఎరుపు తీసుకురా," అన్నాడు విసుగ్గా. "రెండు పూతలు వెయ్."

"మరి బరువో?"

"వెయ్యమన్నానా!"