సీసం కాక

దళ నాయకుడు పెద్దులు తెచ్చిన సీసపు గుండును కాటమయ్య దాగలి మీద పెట్టి ఉలితో రెండు ముక్కలు చేశాడు. పైకి నున్నగానే ఉంది. లోపల మాత్రం జొన్నగింజ పట్టేంత బొక్క. ఇంకోటి కోశాడు. అందులోనూ అంతే.

“గిట్ల బొక్కలుంటే గుండు సక్కగ పోతదా అన్నా? దొర గడీల ఉన్న నిజాం పోలీసోళ్ల మీదికి రెండుసార్లు పోయినం. రెండుసార్లు ఉత్తగనే మర్లొచ్చినం. మొన్న మావోడొకని భుజం పోయింది,” అన్నాడు పెద్దులు. తిరుమలగిరి చుట్టుపక్కల దళాల నాటు తుపాకులకు గుండ్లు పోసిచ్చే కమ్మరి కాటమయ్య ఒక్కడే.

కాటమయ్య తల వంచుకున్నాడు. సీసం మితిమీరి కాగితే గుండు ఆరేటప్పుడు లోపల గుల్లవుతుంది. కాక తక్కువైతే అచ్చు నిండదు. కొలిమి తిత్తి ఊదేది భార్య అండాలు. పదేళ్లుగా ఆమె చేయి తప్పింది లేదు. ఈ ఎండాకాలం నుంచే ఏమైందో తెలియడం లేదు. పెద్దులు వెళ్లాక ఆమెను అడిగాడు. మంట మనిషి మాట వినదని చెప్పి లేచి లోపలికి వెళ్లిందామె.

మంట చేత మాట వినిపించే పనిముట్టు ఏదన్నా ఉంటుందేమోనని కాటమయ్య నల్లగొండకు నడిచాడు. అక్కడ గడియారాలు బాగుచేసే సిద్దయ్యను కలిసి, సీసం తగినంత కాగగానే మంట తనంతట తానే తగ్గే ఉపాయం చెప్పమన్నాడు. సీసం ఎందుకో తాను అడగనని, నువ్వూ చెప్పొద్దని సిద్దయ్య ముందే అన్నాడు. ఒక ఇత్తడి బద్దను, ఒక ఇనుప బద్దను జత చేసి రివిట్లు కొట్టి దీపం మీద పట్టాడు. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది. జంటబద్ద విల్లులా వంగింది. దీపం తీయగానే మళ్లీ నిటారైంది.

ఇంటికొచ్చి ఆ బద్దను సీసం కరిగించే మూకుడుకు బిగించాడు కాటమయ్య. దాని కొసకు తీగ కట్టి, తిత్తి గొట్టానికి పెట్టిన బెజ్జం మీది రేకు మూతకు తగిలించాడు. కాక ఎక్కువైతే బద్ద వంగి మూతను తెరుస్తుంది. గాలి పొయ్యిలోకి పోకుండా బయటికి పోతుంది. కాక తగ్గితే మూత మళ్లీ మూసుకుంటుంది. మూడు రోజులు తీగను కురచ చేస్తూ, పొడుగు చేస్తూ తాటాకు ముక్కలు సీసంలో ముంచి చూశాడు. ఆకు మండకుండా గోధుమరంగుకు తిరిగినచోట తీగను ఖాయం చేశాడు.

అండాలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

“గది తీసెయ్. నేను ఊదుత,” అంది.

“నువ్వే ఊదు. అది పక్కకుంటది.”

“అదుంటే నేనెందుకు?”

పదేళ్ల పనిని ఓ బద్దముక్క గుంజుకుందని ఆమెకు కష్టమైందనుకున్నాడు. నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఎంత గట్టిగా ఊదినా కాక పెరగలేదు. రెండు వందల గుండ్లు పోశారు. పదింటిని కోసి చూస్తే ఒక్కదాంట్లో కూడా బొక్క లేదు.

శ్రావణం మొదట్లో దళం మళ్లీ గడీ మీదికి పోయింది. మర్నాడు పెద్దులు వచ్చి, గుండ్లు గురి చూసిన చోటికే పోయాయని చెప్పాడు. నలుగురు పోలీసులు చచ్చారు, మిగిలినవాళ్లు పారిపోయారు. కాటమయ్య పొంగిపోయాడు. అండాలు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. ఆనాటి నుంచి కొలిమి దగ్గరికే రాలేదు.

నెల తిరిగేసరికి భారత యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం సర్కారు లొంగిపోయింది. క్యాంపుల్లోని పోలీసులు చేతులెత్తి, తుపాకులు అప్పగించి, ఎవరి ఊళ్లకు వాళ్లు నడిచిపోతున్నారు. అండాలు వాకిట్లో నిలబడి బాటన పోయేవాళ్లలో ఒక్కొక్కరి మొహం చూస్తోంది.

కాటమయ్య వెనక నుంచి వచ్చి, “ఇగ గుండ్లు లేవు, ఏం లేవు. నాగటి కర్రులే. నీ చేతిని నమ్మకపోవుడు నాదే తప్పు. వచ్చి తిత్తి పట్టు,” అన్నాడు.

ఆమె తల తిప్పలేదు.

“నా చెయ్యి తప్పలేదు. కావాలెననే సీసం మాడవెట్టిన. చెప్తే దళం నిన్ను నమ్మదని చెప్పలే. గడీల జవాను కొలువు చేసింది నా తమ్ముడు గండయ్యనే. సచ్చిన నలుగురిల వాడొకడు. ఇంకొక్క నెల నన్ను మాడవెట్టనిస్తే, వాడు గూడ గిట్లనే చేతులెత్తి ఇంటికి నడిచొస్తుండె.”