పేషెంటుకి మీరేమవుతారు?

"ఊపిరితిత్తులు చేతులెత్తేశాయమ్మా. మిషను ఆక్సిజన్ ఇస్తూనే ఉంది, రక్తమే అందుకోవడం లేదు. బోర్లా పడుకోబెట్టి చూస్తాం," అంది డాక్టరు. "ఇంతకీ పేషెంటుకి మీరేమవుతారు? ఇంటివాళ్లయితేనే ఇక్కడ ఉండనిస్తాం."

"భార్యనండీ," అంది టైలరమ్మ.

పేషెంటుగా పడున్న బస్సు డ్రైవరుని నలుగురు పట్టి, గొట్టాలు ఊడకుండా మెల్లగా బోర్లా తిప్పారు. తెర మీద ఆక్సిజన్ అంకె చాలాసేపు మొండికేసింది. తర్వాత ఒక్కో మెట్టే ఎక్కింది. అది తొంభై దాటగానే టైలరమ్మ నర్సుని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

కొన్నాళ్లకి ఆయన గొంతులో గొట్టం తీసేశారు. మెదడుకి ఆక్సిజన్ సరిగ్గా అందిందో లేదో చూద్దామని డాక్టరు ప్రశ్నలడిగింది. ఆయన తన పేరు చెప్పాడు, బస్సు నంబరు చెప్పాడు.

"మరి ఈవిడెవరు?"

"మా వీధి టైలరమ్మ."

డాక్టరు మొహం పాలిపోయింది. "మీ భార్య కదండీ!"

"నాకింకా పెళ్లే కాలేదండీ."

డాక్టరు కంగారుగా ఆయన కళ్లలోకి టార్చి వేసింది.

"ఆయన మెదడు నిక్షేపంగా ఉంది డాక్టరుగారూ," అంది టైలరమ్మ, సిగ్గుతో చితికిపోతూ. "లోపలికి రానివ్వరేమోనని నేనే అలా అనేశాను."

డ్రైవరు బొంగురు గొంతుతో పకపకా నవ్వాడు. దగ్గు ముంచుకొచ్చినా ఆగలేదు. "ఏళ్ల తరబడి అడుగుతున్నా ఔననలేదండీ ఈవిడ! ఇప్పుడు ఆసుపత్రంతా వినేలా ఒప్పేసుకుంది. మీరే సాక్షి!"

"ముందు నోరు మూసుకుని ఊపిరి పీల్చుకోండి," అంది టైలరమ్మ, ఆయన ముక్కుకి ఆక్సిజన్ గొట్టం సర్దుతూ. "నేనెక్కడికీ పోనుగా."