దబ్బనం చరణం

"ఆ ఒక్క చరణం ఇడిసిపెట్టి పాడప్పా!"

నంద్యాల ధర్నా శిబిరంలో కాళ్లకు గజ్జెలు కట్టుకుంటున్న సుందరరాజు తలెత్తి చూశాడు. ఎదురుగా యాభై దాటిన మనిషి. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏ చరణం?"

"దబ్బనం చరణం. పోయిన వారం ఆళ్లగడ్డలో విన్నా. అది తీసెయ్. తక్కిందంతా బాగుంది."

సుందరరాజుకు ఒళ్లు మండింది.

పేదల ఇళ్ల స్థలాలను చచ్చినవాళ్ల పేర్ల మీద రాయించి ఓ నాయకుడు మింగేశాడు. సుందరరాజు పాట కట్టింది దాని మీదే. ఆ గుట్టు విప్పింది ఒక జాబితా. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని తహసీల్దారు ఆఫీసులోంచి తెచ్చి సుందరరాజు గుమ్మంలో పడేసి పోయాడు. కాగితాలన్నీ దబ్బనంతో, ఎర్ర దారంతో పొందికగా కుట్టి ఉన్నాయి.

మేలు చేసినవాణ్ణి తలుచుకోకుండా పాట ముగించడం సుందరరాజు ఇంటా వంటా లేదు. మనిషెవరో తెలియదు గనుక ఆ కుట్టుకే దండం పెట్టాడు.

"దబ్బనం పట్టిన చేతికి దండమే దండం, ఎర్రదారం గుచ్చిన ఏలికి దండమే దండం!"

జనం ఈలలు వేసేది అక్కడే.

"ఎందుకు తీసెయ్యాల?"

ఆ మనిషి చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఫోన్లే. సుందరరాజు కూతురు ఫెబా లైవ్ పెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"రాగం... కుదరల్యా," అని నసిగాడు.

డప్పు కొట్టే మత్తయి పగలబడి నవ్వాడు. "ఓహో, సంగీతం సారు వచ్చినాడు!"

"పక్కకొస్తే చెప్తానప్పా. రెండే మాటలు."

"పక్కకు పిలిచేటోళ్లను శానామందిని చూసినా," అన్నాడు సుందరరాజు గొంతు పెంచి. "ఎవరు పంపినారు నిన్ను? ఆ నాయకుడేనా? సుందరరాజు అమ్ముడుపోడని పోయి చెప్పు!"

జనం చప్పట్లు కొట్టారు. పొగడ్త రుచి మరిగిన చెవికి ఇంకో మాట ఎక్కదు.

మత్తయి ఆ మనిషి రెక్క పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చుకుపోయాడు. అతను ఎదురు తిరగలేదు. రెండు చేతులూ జోడించాడు, అంతే.

సుందరరాజు ఆ రోజు పూనకం వచ్చినట్టు పాడాడు. దబ్బనం చరణం పంతానికి మూడుసార్లు ఎత్తుకున్నాడు. సాయంత్రానికి లక్షమంది చూశారు.

"ఆ కాగితాలు పంపినాయన యాడున్నాడో గానీ, ఈ పొద్దు మురిసిపోయింటాడు," అన్నాడు కూతురితో.

నాలుగో రోజు కబురొచ్చింది. జాబితా బయటపెట్టిన అటెండరు చెన్నకేశవులు కాలువలో శవమై తేలాడు.

అమరుణ్ణి పాటతో సాగనంపాలని పాటల దళమంతా బండి ఆత్మకూరు దగ్గర అతని ఊరికి వెళ్లింది. శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. భార్య కృష్ణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

సుందరరాజు ఆమె ముందు కూర్చున్నాడు. "ఆయనే అని వాళ్లకెట్ల తెలిసిందక్కా?"

"ఆ ఆఫీసులో అందరూ పిన్నులు కొట్టేటోళ్లే. దబ్బనం పట్టేది ఈయనొక్కడే. మీ నంద్యాల పాట ఫోన్లో ఇనంగానే ఆ నాయకుని మనుషులు ఇంటి మీదికొచ్చినారు."

అప్పటిదాకా ఫోన్లో లైవ్ నడుపుతున్న ఫెబా గబగబా ఆపేసింది.

"ఈయన యాడున్నాడని అడిగినారు. తెలీదంటి. పొద్దున పోయినోడు మళ్లీ రానే ల్యా."

కృష్ణమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఆ చరణం పాడొద్దని మీ కాళ్లు పట్టుకునేదానికే ఆ పొద్దు నంద్యాల బస్సెక్కినాడు, మీకు కనపడనే ల్యానా నాయనా?"